కౌన్సెలర్ కుర్చీలో కూర్చునే ముందు

ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లలో చాలామందికి ఇంట్లోనే ఒక కారణం ఉంటుంది. నాన్న తాగేవాడు. అన్న గంజాయికి అలవాటుపడి ఇంజనీరింగ్ మధ్యలో ఆపేశాడు. మేనమామ లివరు పాడై నలభై ఏళ్లకే పోయాడు. కొందరైతే తామే ఆ ఊబిలోంచి బయటపడి, ఇంకొకరికి చేయి అందించాలని వస్తారు. ఈ కారణాలన్నీ గౌరవించదగ్గవే. అయితే దరఖాస్తు నింపే ముందు ఒక సంగతి మనసులో గట్టిగా నాటుకోవాలి. ఈ రంగంలో మంచి మనసుతో చేసిన తప్పు కూడా ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే, ఏ పీజీ చదవాలని ఎవరడిగినా నా జవాబు ఒక్కటే: మీరు రోగితో మాట్లాడుతుంటే పక్కన అనుభవం ఉన్నవాళ్లు కూర్చుని వినే చోట చదవండి. డిగ్రీ పేరు, కాలేజీ పేరు ఆ తర్వాతే.

ప్రాణం మీదికి ఎలా వస్తుందో చెప్తాను. రోజూ రాత్రి రెండు క్వార్టర్లు తాగే మనిషి అయ్యప్ప మాల వేసుకున్నాడనుకుందాం. 41 రోజులు చుక్క ముట్టనని మొక్కు. మన ఊళ్లలో ఎంతోమంది మగవాళ్లు ఏడాది మొత్తంలో తాగకుండా ఉండేది ఆ మండలం రోజులే. ఆ నిష్ఠ విలువ నాకు తెలుసు. కానీ ఏళ్ల తరబడి మద్యంలో నానిన మెదడుకు అది ఒక్కసారిగా అందకపోతే ఆరేడు గంటల్లోనే చేతులు వణకడం మొదలవుతుంది. మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య కొందరికి జ్వరం, చెమటలు, గుండెదడతో పాటు మతి చెదురుతుంది. గోడమీద పురుగులు పాకుతున్నాయంటారు. లేని మనుషులతో మాట్లాడతారు. డెలీరియం ట్రెమెన్స్ అనే ఈ స్థితికి వెంటనే చికిత్స అందకపోతే మనిషి చనిపోవచ్చు. ఇంట్లోవాళ్లకు మాత్రం అది పూనకంలాగో, గాలి సోకినట్టో కనిపిస్తుంది.

శిక్షణ ఉన్న కౌన్సెలర్ ఇలాంటి మనిషిని చూడగానే అడిగేది, "ఆఖరిసారి ఎప్పుడు తాగారు?" అని. ఆ వెంటనే, "ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా?" అని. మాత్రలు రాయించుకుని ఇంటికి వెళ్లొచ్చా, వార్డులో చేరాలా అన్నది చాలావరకు ఈ రెండు జవాబుల మీదే ఆధారపడుతుంది. వణుకు, చెమట, ఆందోళన ఎంత ఉన్నాయో అంకెల్లో కొలవడానికి సీఐడబ్ల్యూఏ అనే పట్టిక ఉంది. ఏ మందు ఎన్ని రోజులన్నది డాక్టరు పని. కౌన్సెలర్ మందు రాయకూడదు. అయినా ప్రమాదాన్ని మొదట పసిగట్టి డాక్టరు దగ్గరికి పంపేది తరచుగా కౌన్సెలరే. ఈ పసిగట్టడం పుస్తకంలో చదివితే సగమే వస్తుంది. మిగతా సగం వార్డులో, వణుకుతున్న చేతిని పట్టుకుని చూసినప్పుడు వస్తుంది.

ఏ వార్డులో చూశామన్నది కూడా ముఖ్యమే. మన కాలేజీల్లో వాడే పాఠ్యపుస్తకాలు చాలావరకు అమెరికా, బ్రిటన్‌లలో రాసినవి. తెలంగాణ కల్లు సంగతి వాటిలో ఉండదు. కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, అల్ప్రాజొలామ్ కలిపి అమ్మే చోట, రోజూ తాగే కూలీ శరీరం అలవాటుపడేది కల్లుకు మాత్రమే కాదు, ఆ మందులకు కూడా. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరఫరా తగ్గినప్పుడు ఎంతోమంది ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో ఆస్పత్రులపాలయ్యారు. హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వరుస కట్టారు. వాళ్లను మామూలు తాగుబోతులనుకుని చూసినవాడికి ఆ కేసు అర్థంకాదు. "కల్లే కదా, కల్లులో ఏముంటుంది" అనుకున్నవాడికి అసలే అర్థంకాదు. విశాఖ, పాడేరు వైపు పనిచేయాలనుకునేవాళ్లకు గంజాయి గురించీ, నాటుసారా తాగే పల్లెల్లో పనిచేసేవాళ్లకు దాని కొలతల గురించీ ఇలాగే స్థానికంగా తెలియాలి. సీలున్న క్వార్టరు 180 మిల్లీలీటర్లు, 30 మిల్లీలీటర్లను ఒక డ్రింకుగా లెక్కిస్తే ఆరు డ్రింకులు. ప్లాస్టిక్ కవరులో వచ్చే సారాకు ఆ లెక్క ఎలా కడతారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ ప్రశ్నావళిలో పది ప్రశ్నలుంటాయి, ఎనిమిది లేదా అంతకన్నా ఎక్కువ మార్కులొస్తే జాగ్రత్తపడాలి. ఆ ప్రశ్నల్ని మన ఊరి గ్లాసుకు, మన ఊరి కవరుకు అన్వయించి అడగడం ఫీల్డులో పనిచేసిన సూపర్వైజరే నేర్పగలరు.

అవసరం ఎంత ఉందో కూడా తెలుసుకోండి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన జాతీయ డ్రగ్ డిపెండెన్స్ ట్రీట్‌మెంట్ సెంటర్ చేసిన సర్వే నివేదిక 2019లో వచ్చింది. దేశంలో సుమారు 16 కోట్లమంది మద్యం తాగుతున్నారని, వాళ్లలో 2.9 కోట్లమంది దానికి బానిసలయ్యారని అది తేల్చింది. అలా బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఆస్పత్రిలో ఉండి చికిత్స పొందినవాళ్లు 180 మందిలో ఒక్కరు. చదువుకున్న మనిషికి ఈ రంగంలో పని ఉండదేమోనన్న భయం అక్కర్లేదు.

దారులు

మన దేశంలో ఈ పనిలోకి వచ్చే పెద్ద దారి సోషల్ వర్క్. ఎమ్మెస్‌డబ్ల్యూ రెండేళ్లు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాదులో ఉస్మానియా, రోడా మిస్త్రీ కాలేజీ మన విద్యార్థులకు తెలిసిన చోట్లు. సాధారణంగా వారానికి రెండు రోజులు ఫీల్డ్‌వర్క్ ఉంటుంది. ఆ రోజులు ఎక్కడ గడుస్తాయన్నదే మీ భవిష్యత్తును నిర్ణయిస్తుంది. అంగన్‌వాడీ సర్వే చేసి రెండేళ్లు గడిపినవాళ్లకీ, ప్రభుత్వ ఆస్పత్రి సైకియాట్రీ విభాగంలో రెండేళ్లు కేస్ హిస్టరీలు రాసినవాళ్లకీ సర్టిఫికెట్టు ఒక్కటే, చేతికి వచ్చిన పని వేరు. మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్క్ స్పెషలైజేషన్ ఉంటే అదే తీసుకోండి.

దాని తర్వాతి మెట్టు సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో ఎం.ఫిల్. బెంగళూరు నిమ్హాన్స్, రాంచీ సీఐపీ, తేజ్‌పూర్‌లోని లోకప్రియ గోపీనాథ్ బర్దలై సంస్థ వంటి చోట్ల ఇది రెండేళ్ల పూర్తికాలపు శిక్షణ. ఉదయం రౌండ్లు, మధ్యాహ్నం కేసు చర్చ, సాయంత్రం కుటుంబాలతో మాటలు. నిమ్హాన్స్‌లో అడిక్షన్ మెడిసిన్ కేంద్రం విడిగా ఉంది, అక్కడ పోస్టింగ్ దొరకడం గొప్ప అవకాశం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అన్న పేరుకు ఈ ఎం.ఫిల్. స్థాయి శిక్షణనే కొలమానంగా పెట్టింది. మద్యం, డ్రగ్స్ వాడకంతో వచ్చే మానసిక స్థితులను కూడా అదే చట్టం మానసిక అనారోగ్యం నిర్వచనంలోకి తెచ్చింది. అంటే డీఅడిక్షన్ ఇప్పుడు ఎవరికి తోచినట్టు వాళ్లు చేసే సేవ కాదు. చట్టం కిందికి వచ్చిన వైద్యం.

సైకాలజీ నుంచి వచ్చేవాళ్లకు క్లినికల్ సైకాలజీ దారి. అందులో భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన కోర్సు చేసి రిజిస్టరులో పేరు ఎక్కించుకోవాలి. మామూలు ఎం.ఏ. సైకాలజీ చేసి 'క్లినికల్ సైకాలజిస్టు' అని బోర్డు పెట్టుకోవడం కుదరదు. ఇక్కడ ఒక హెచ్చరిక. యూజీసీ 2022లో ఎం.ఫిల్. డిగ్రీనే ఆపేసింది, సైకియాట్రిక్ సోషల్ వర్క్, క్లినికల్ సైకాలజీ ఎం.ఫిల్.లకు మాత్రం 2025-26 విద్యా సంవత్సరం దాకా మినహాయింపు పొడిగించింది. క్లినికల్ సైకాలజీలో ఎం.ఏ., సై.డి. లాంటి కొత్త కోర్సులను ఆర్‌సీఐ తీసుకొచ్చింది. నిబంధనలు మారుతున్న కాలం ఇది. సీనియర్లు చెప్పిన మాట నిన్నటిది కావచ్చు. ఫీజు కట్టే ముందు ఆర్‌సీఐ వెబ్‌సైటులో ఆ సంస్థ పేరు, ఆ కోర్సు పేరు, ఆ ఏడాది మూడూ ఉన్నాయేమో మీ కళ్లతో చూసుకోండి.

డాక్టర్లకు ఎండీ సైకియాట్రీ తర్వాత అడిక్షన్ సైకియాట్రీలో మూడేళ్ల డీఎం ఉంది. ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ, నిమ్హాన్స్‌లో చేయొచ్చు. నర్సులకు సైకియాట్రిక్ నర్సింగ్‌లో ఎంఎస్సీ.

కాలేజీలో చేరే ముందు వెళ్లి ఫైనలియర్ విద్యార్థుల్ని కలవండి. ప్రిన్సిపాలు చెప్పేది బ్రోషర్లో ఉంటుంది, వాళ్లు చెప్పేది ఉండదు. ఫీల్డ్‌వర్క్ ఏ సంస్థల్లో వేస్తారు? అక్కడ సైకియాట్రిస్టు రోజూ వస్తారా, వారానికోసారి వస్తారా? మీ కేసును ఎవరు, ఎన్నాళ్లకోసారి కూర్చోబెట్టి చర్చిస్తారు? రికార్డు మీద సంతకం పెట్టి తిప్పి ఇచ్చేస్తారా, లేక 'ఈ ప్రశ్న ఎందుకు అడిగావు' అని నిలదీస్తారా? నిలదీసేవాళ్లున్న కాలేజీలో హాస్టలు బాగోకపోయినా చేరండి.

వినడం నేర్పే చదువు

నిలదీయడం గురించి అంత పట్టుదలగా ఎందుకు చెప్తున్నానంటే, ఈ రంగంలో ప్రపంచమంతా వాడే సంభాషణ పద్ధతి అలాగే పుట్టింది. విలియం మిల్లర్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1982లో నార్వేలోని బెర్గెన్ వెళ్లి, అక్కడి యువ సైకాలజిస్టులకు తన పని చూపించాడు. వాళ్లు రోగుల పాత్ర వేస్తూ మధ్యమధ్యలో ఆపి అడిగారు: ఆ మాటే ఎందుకన్నారు? ఈ ప్రశ్న ఇప్పుడే ఎందుకు? చెప్పుకుంటూపోతే, తాను చేస్తున్నదానికి ఒక పద్ధతి ఉందని ఆయనకే తెలిసింది. 1983లో వ్యాసంగా రాశాడు. స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి 1991లో పుస్తకంగా తెచ్చాడు. అదే మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్. మీ సిలబస్‌లో దీనికి రెండు గంటల లెక్చరు మాత్రమే ఉంటే ఆ సిలబస్ చాలదు.

అదెలా ఉంటుందో చూడండి. నలభై అయిదేళ్ల ఆటో డ్రైవరు, భార్య బలవంతం మీద వచ్చాడు. ఎదురుగా ఇరవై మూడేళ్ల ట్రైనీ.

"రోజుకు ఎంత తాగుతారన్నా?"

"ఎక్కువేం లేదమ్మా. క్వార్టరు."

"పిల్లల మొహం చూసైనా మానేయొచ్చు కదన్నా. లివరు పోతుంది."

"మానాలనుకుంటే ఈ క్షణం మానేస్తా. నాకదో లెక్కా?" అని ఆయన భార్య వైపు చూసి లేచిపోతాడు. ట్రైనీ అన్న మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. అవన్నీ ఆయన పదేళ్లుగా ఇంట్లో వింటున్నవే.

శిక్షణ పొందాక అదే ట్రైనీ ఇంకోలా మాట్లాడుతుంది.

"పొద్దున్నుంచి రాత్రి దాకా బండి మీదే ఉంటారు. ఆ క్వార్టరు పడితేగానీ ఒళ్లునొప్పులు తగ్గవన్నమాట."

"అంతే తల్లీ. కానీ పొద్దున్నే చేతులు వణుకుతున్నాయి. మొన్న స్కూలు పిల్లల్ని ఎక్కించుకుంటే భయమేసింది."

"పిల్లలు బండిలో ఉన్నారు, చేతులు వణుకుతున్నాయి."

"అవును. ఏదో ఒకటి చెయ్యాలమ్మా."

ఆ చివరి మాట ఆయన నోటి నుంచే రావాలి. అది వచ్చేదాకా ఆగడం చాలా కష్టం, ముఖ్యంగా తాగే నాన్నతో పెరిగినవాళ్లకు. మన నోట్లోంచి అమ్మ మాటలే వచ్చేస్తాయి. పక్కన సూపర్వైజరు ఉండాల్సింది అందుకే. ఎవరి మీది కోపం ఎవరి మీద చూపిస్తున్నామో మనకు తెలియదు, పక్కవాళ్లకు తెలుస్తుంది.

మానడం ఒక సంగతి, మానిన తర్వాత నిలవడం ఇంకో సంగతి. దీని మీద అలన్ మార్లట్ చేసిన కృషి ప్రతి విద్యార్థీ చదవాలి. నెలలపాటు మానిన మనిషి ఒక్క గ్లాసు తాగగానే, 'ఎలాగూ పోయింది, ఇక తాగేద్దాం' అనుకుని పూర్తిగా జారిపోతాడని, జారడాన్ని ముందే ఊహించి సిద్ధం చేయడమే చికిత్స అని ఆయన చెప్పాడు. మన దగ్గర దీనికి తేదీ కూడా ముందే తెలుస్తుంది. మాల తీసే రోజు. శబరిమల నుంచి వచ్చాక మాల ఎక్కడ తీస్తారు, ఆ సాయంత్రం ఎవరితో ఉంటారు, గురుస్వామితో ముందే మాట్లాడవచ్చా అన్నవి దీక్ష ముప్పయ్యో రోజునే కూర్చుని రాసుకోవాల్సిన విషయాలు. మనిషి తన నమ్మకంతో సంపాదించుకున్న 41 రోజులు ఏ మాత్రా ఇవ్వలేనంత విలువైనవి. వాటిని కాపాడుకునే పద్ధతి మన చేతుల్లో ఉన్నప్పుడు వదులుకోవడం నాకు బాధగా ఉంటుంది.

కుటుంబంతో మాట్లాడటం సిలబస్‌లో ఒక యూనిట్. పనిలో అది సగం. తాగుడు మాన్పించే పొడి అంటూ ఇంట్లోవాళ్లు సాంబారులో రహస్యంగా కలిపే మందుల్లో డైసల్ఫిరామ్ ఉండవచ్చు. అది కడుపులో ఉండగా మద్యం పడితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి, గుండె మీదికి వస్తుంది. రోగికి చెప్పి, ఒప్పించి, డాక్టరు పర్యవేక్షణలో వాడాల్సిన మందు అది. ఆ సంగతి భార్యకు, ఆమె తప్పు చేసినట్టు అనిపించకుండా చెప్పాలి. ఆమె పడ్డ యాతన ముందు విని, ఆ తర్వాత.

చట్టం, సెంటర్లు

ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేస్తున్నారో జాగ్రత్తగా చూసుకోండి. మనుషుల్ని ఇళ్ల నుంచి చేతులు కట్టి తెచ్చి, నెలలపాటు గదుల్లో పెట్టి, దెబ్బలు వేసే 'సెంటర్లు' ఇప్పటికీ ఉన్నాయి. మానసిక ఆరోగ్య చట్టంలోని 95వ సెక్షను రోగిని గొలుసులతో బంధించడాన్ని పూర్తిగా నిషేధించింది. సంస్థ రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర రిజిస్టరై ఉండాలి. రిజిస్ట్రేషన్ పత్రం చూపించమని విద్యార్థి అడగొచ్చు, అడగాలి. అలాంటి చోట మార్కుల కోసం మూడు నెలలు గడిపితే మీరు నేర్చుకునేది చికిత్స కాదు.

డ్రగ్స్ కేసుల్లో ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షను కూడా తెలిసి ఉండాలి. వాడకం కేసులోనో, చిన్న పరిమాణం దొరికిన కేసులోనో ఇరుక్కున్న వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు ముందుకొస్తే, ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు పొందే వీలు అందులో ఉంది. పోలీసు భయంతో కొడుకును దాచిపెట్టుకున్న తల్లికి ఈ ఒక్క సమాచారం ఎంత ధైర్యమో ఊహించండి.

విదేశాల్లో, ఆన్‌లైన్‌లో

అమెరికాలో అడిక్షన్ కౌన్సెలర్ లైసెన్సు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే ఇస్తుంది. చదువుతో పాటు సూపర్విజన్ కింద పనిచేసిన గంటలు లెక్కలోకి వస్తాయి. టెక్సాస్‌లో స్థిరపడాలనుకుని న్యూజెర్సీ నిబంధనలు చూసి కోర్సు ఎంచుకోకండి. కింగ్స్ కాలేజ్ లండన్, అడిలైడ్, వర్జీనియా కామన్వెల్త్ విశ్వవిద్యాలయాలు కలిసి అడిక్షన్ స్టడీస్‌లో ఆన్‌లైన్ మాస్టర్స్ నడిపాయి; మెల్‌బోర్న్ మోనాష్ విశ్వవిద్యాలయంలో అడిక్టివ్ బిహేవియర్స్ కోర్సు ఉండేది. పరిశోధనకు, విధాన రూపకల్పనకు ఇలాంటి చదువులు మంచివి. రోగి ముందు కూర్చోవడం వాటితో మాత్రమే రాదు.

ఇప్పటికే ఏదో స్వచ్ఛంద సంస్థలో, కేంద్రం నిధులతో నడిచే పునరావాస కేంద్రంలో కౌన్సెలరుగా ఉన్నవాళ్ల సంగతి వేరు. ఉద్యోగం మానేసి బెంగళూరు వెళ్లలేరు. జీతం తక్కువ, ఇంటి బాధ్యతలు ఎక్కువ. వాళ్లకు ఇగ్నో ఎమ్మెస్‌డబ్ల్యూ దూరవిద్యలో దొరుకుతుంది. కొలంబో ప్లాన్ తయారుచేసిన యూనివర్సల్ ట్రీట్‌మెంట్ కరికులమ్ ఈ రంగంలోని వాళ్ల కోసమే రూపొందింది. చెన్నైలో టీటీ రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ ఎన్నో ఏళ్లుగా కౌన్సెలర్లకు శిక్షణ ఇస్తోంది. ఆ సంస్థ వెనక ఉన్న శాంతి రంగనాథన్ భర్తను తాగుడు వల్లే పోగొట్టుకున్నారు. ఆ దుఃఖంతోనే చికిత్స మొదలుపెట్టలేదు. అమెరికా వెళ్లి శిక్షణ తీసుకుని వచ్చి, 1980లో ఆ సంస్థను స్థాపించారు. 1992లో పద్మశ్రీ అందుకున్నారు.

తాగుడు మాని కౌన్సెలర్లయిన మిత్రులకు ఒక మాట. మీరు వార్డులోకి అడుగుపెడితే రోగి మొహం విప్పారుతుంది, అది పుస్తకంతో రానిది. ఆల్కహాలిక్స్ అనానిమస్ మిమ్మల్ని నిలబెట్టి ఉండవచ్చు. ఇంకొకరిని నాల్‌ట్రెక్సోన్ నిలబెడుతుంది, హెరాయిన్ నుంచి వచ్చినవాడిని బ్యూప్రినార్ఫిన్ ఏళ్లపాటు బతికిస్తుంది. 'మాత్ర వేసుకుంటే మానినట్టు కాదు' అని చెప్పి ఆ మాత్ర మాన్పిస్తే, అతను తిరిగి సూది పట్టినప్పుడు ఓవర్‌డోసుతో చనిపోయే ప్రమాదం ఎక్కువ. మీ దారి మీకు దొరికింది. అతని దారి ఏదో తెలియడానికి ఫార్మకాలజీ పాఠం కావాలి.

పీజీ కుదిరేదాకా, ఏ సెంటర్లో ఉన్నా, వారానికి ఒక గంట కేసు చర్చకు కేటాయించమని మీ ఇన్‌ఛార్జిని అడగండి. దగ్గర్లోని ప్రభుత్వ బోధనాస్పత్రి సైకియాట్రీ విభాగానికి ఉత్తరం రాసి, నెలకోసారి ఒక పీజీ డాక్టరు గానీ సోషల్ వర్కరు గానీ వచ్చి కూర్చునేలా చేయండి. రోగి అనుమతి తీసుకుని సంభాషణ నోట్సు రాయండి. మీరన్న మాట, ఆయన బదులు, ఆ క్షణంలో మీకు అనిపించింది, మూడూ పక్కపక్కన మూడు వరుసల్లో. పేరు, ఊరు తీసేసి ఆ కాగితాన్ని చర్చలో పెట్టండి. ప్రవేశ పరీక్షకు పిలుపు వచ్చినప్పుడు అలాంటి కాగితాలు పది మీ చేతిలో ఉంటే, ఇంటర్వ్యూలో మాట్లాడటానికి మీకు వేరే సిద్ధపాటు అక్కర్లేదు.